ఇరవయ్యారు వరుసల రోడ్డు

హ్యూస్టన్ వెళ్లినవారందరూ తప్పకుండా చూసి వచ్చేది అంతరిక్ష కేంద్రం. చంద్రుడి మీద దిగిన మనుషులతో ఇక్కడినుంచే మాట్లాడారు గనుక అది చూడవలసిందే, కాదనను. పెర్లాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి ఆలయమూ చూడవలసిందే. కాని ఆ ఊళ్లో నాలుగు నెలలుండి వచ్చిన నన్ను అడిగితే, వీటికంటే ముందు ఒక రోడ్డును చూడమంటాను. రోడ్డు చూడడానికి సముద్రాలు దాటి పోవాలా అని నవ్వకండి. రోడ్ల శాఖలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి. అలాంటి నేనే దాన్ని మొదటిసారి చూసిన రోజున పది నిమిషాల సేపు నోట మాట రాకుండా నిలబడిపోయాను.

ఆ రోడ్డు పేరు కేటీ ఫ్రీవే. దేశాన్ని ఈ సముద్రంనుంచి ఆ సముద్రందాకా అడ్డంగా కోసుకుపోయే ఐ-10 అనే రహదారిలో ఇదొక ముక్క. హ్యూస్టన్ నడిబొడ్డునుంచి పడమరగా కేటీ అనే ఊరిదాకా సుమారు ముప్పై మైళ్లు. బెల్ట్‌వే 8 అనే వలయపు రోడ్డు దీన్ని కలుసుకునే చోట వరుసలు లెక్కపెట్టాను. నడుమ ఒక్కొక్క దిక్కుకు ఆరు చొప్పున పన్నెండు. వాటి మధ్యలో టోల్ కట్టి పోయేవి ఇటు మూడు, అటు మూడు. రెండు అంచులా దుకాణాలకూ వీధులకూ దిగే పక్కరోడ్లు, అవి నాలుగేసి వరుసలు. మొత్తం ఇరవయ్యారు. ఒక్కొక్క వరుస 12 అడుగులు వేసుకున్నా 312 అడుగులు. అంచులూ, మధ్య గోడలూ, గడ్డి పట్టీలూ వేరు. మా పల్లెటూళ్లో ఒక వీధిని, ఇళ్లూ వాకిళ్లూ పెరళ్లూ పశువుల పాకలతో సహా ఎత్తి అడ్డంగా పెడితే, ఇందులో ఇమిడిపోతుంది.

ఆ రోడ్డు మీద మనిషన్నవాడు కనపడడు. హారను మోత లేదు. ఉన్నదల్లా ఒక్కటే హోరు, తుపాను ముందు సముద్రం చేసే చప్పుడు వంటిది. కిటికీలు బిగించుకున్నా రాత్రి రెండు గంటలకు కూడా అది సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. మా ఆవిడకు మొదటి వారం నిద్రపట్టలేదు. తరవాత అలవాటయింది. తిరిగి వచ్చాక మా ఊళ్లో నిశ్శబ్దానికి నిద్రపట్టడం లేదంటున్నది, అది వేరే సంగతి.

కేటీ అన్నది ఆడపిల్ల పేరులా ఉన్నదే అనుకున్నాను. సంగతి అది కాదు. మిస్సోరి, కాన్సాస్, టెక్సాస్ అనే మూడు రాష్ట్రాల పేర్లతో ఒక రైలు కంపెనీ ఉండేది. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాల్లో చివరి రెండింటిని జనం ముద్దుగా పలికితే ‘కేటీ’ అయింది. 1890లలో ఆ రైలు మార్గం ఇక్కడికి రావడంతో, అంతకు ముందు కేన్ ఐలండ్ అని పిలిచే చోటు కేటీ ఊరయింది. అంటే రోడ్డుకు ఊరు పేరు, ఊరికి రైలు పేరు. ఆ రైలు మాత్రం ఇప్పుడు లేదు. పాత స్టేషను ఇల్లు ఒక్కటి చూడడానికి మిగిల్చారు.

పాత కేటీ ఊళ్లో నా కాళ్లు ఆగిపోయిన చోటు ఇంకొకటి ఉన్నది. ఆకాశంలోకి లేచిన పెద్ద పెద్ద గాదెల వంటి కట్టడాలు కనిపించాయి. ఏమిటని అడిగితే వడ్లు ఆరబెట్టేవని చెప్పారు. గోదావరి కాలువ కింద పుట్టి పెరిగిన నాకు టెక్సాస్‌లో వరిపొలాల మాట నమ్మబుద్ధి కాలేదు. నిజమే! 1900 తరవాత తొలి సంవత్సరాలనుంచే ఈ మైదానంలో వరి పండించారు. భూమి బల్లపరుపుగా ఉంటుంది, అడుగున బంకమట్టి, నీరు నిలుస్తుంది. వరికి ఇంకేం కావాలి? శీతాకాలంలో కోసిన పొలాల్లోకి ఉత్తరంనుంచి బాతులు గుంపులు గుంపులుగా వచ్చి వాలేవట. ఇప్పుడు ఆ పొలాల్లో చాలా భాగం ఇళ్లయిపోయాయి. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు, వాటి మధ్య తవ్విన చెరువులు, చెరువులో ఒక ఫౌంటెను. వరి పోయి ఇళ్లు మొలిచిన కథ మనకు కొత్తది కాదు గనుక దాన్ని అంతటితో వదిలేస్తాను.

రోడ్డు సంగతికి వస్తాను. దీన్ని 1960లలో వేశారు. రోజుకు సుమారు 80 వేల బళ్లు నడుస్తాయని అంచనా కట్టి వేసిన రోడ్డు మీద, శతాబ్దం చివరికి వచ్చేసరికి రెండు లక్షలకు పైగా నడవసాగాయి. ఆరు వరుసల రోడ్డు, మధ్యలో 1984లో బస్సులకోసం తెరిచిన ఒకే ఒక వరుస. పొద్దున ఊళ్లోకి, సాయంత్రం బయటికి, ఆ ఒక్క వరుసలోనే దిక్కు మార్చి నడిపేవారు. మిగతా రోడ్డంతా, మా అల్లుడుగారి ఆఫీసులో పాతకాపు ఒకాయన చెప్పినట్టు, కార్లు నిలిపే స్థలం. కార్లో కూర్చుని గడ్డం గీసుకునేవారట.

అప్పుడు వెడల్పు చేద్దామన్నారు. రోడ్డు పక్కనే ఆ పాత రైలు మార్గం ఉన్నది గదా, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం 1992లో కొనేసింది. పట్టాలు తీసేశారు. రోడ్డు కోసం వెతుక్కోకుండా నూరడుగుల భూమి పొడుగునా చేతికి వచ్చిందన్నమాట. ఆ పట్టాలను అలాగే ఉంచి పొద్దునా సాయంత్రమూ రైళ్లు నడపవచ్చు గదా అని అన్నవారూ ఉన్నారు. రోడ్డు పక్క పేటలవారు కొందరు కూడి, ఇంత వెడల్పు వద్దు, వేరే పద్ధతి చూడమని కోర్టుదాకా వెళ్లారు. ఆగలేదు. 2003లో పని మొదలుపెట్టి 2008 చివరికి ముగించారు. మామూలుగా పదేళ్లు పట్టే పనిని అయిదారేళ్లలో చేశారంటే, పనివాడుగా నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను. రోడ్డు మీద బళ్లు ఆపకుండా, ఇటు మళ్లించి అటు కట్టి, అటు మళ్లించి ఇటు కట్టి చేశారు. మధ్యలో 2005లో రీటా తుపాను, సరిగ్గా ముగింపు వేళకు 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను వచ్చిపడ్డాయి. ఖర్చు మొత్తం 280 కోట్ల డాలర్లు. మొదట వేసిన అంచనాకు రెట్టింపు దాటింది. అంచనాలు అలా దాటడం మన దేశపు గుత్త కాదని తెలిసి నాకు కొంచెం ఊరట కలిగింది.

ఉత్తరపు వైపున దుకాణాలూ, హోటళ్లూ, పెట్రోలు బంకులూ వరసగా పోయాయి. ఇక్కడ నా పాత ఉద్యోగం గుర్తుకు వస్తున్నది. మనవైపు ఊరి మెయిన్ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందుగా టేపు పట్టుకుని వెళ్లి, ఇంటి గోడమీద ఎర్రరంగుతో ఒక గీత గీస్తాము. ఇక్కడిదాకా పోతుందని దాని అర్థం. ఆ గీత నేను కొన్ని వందల గోడలమీద గీశాను. మా జిల్లాలో ఒక ఊళ్లో ఇడ్లీ హోటలు ముసలాయన గీత చూసి ఏడవలేదు, తిట్టలేదు. “బాబూ, పొయ్యి అవతల పడిందా, ఇవతల పడిందా?” అని మాత్రం అడిగాడు. పొయ్యి మిగిలితే హోటలు మిగులుతుందని ఆయన లెక్క. పొయ్యి పోయింది. ఆ రోడ్డు మీద ఇప్పుడు బస్సులు సాఫీగా వెళుతున్నాయి. అది అవసరమైన రోడ్డే. అయినా ఎక్కడ రోడ్డు వెడల్పు మాట వినిపించినా ముందు నాకు ఆ పొయ్యి గుర్తుకు వస్తుంది.

హ్యూస్టన్‌లోనే ఇప్పుడు ఇంకొక రోడ్డు, ఐ-45, వెడల్పు చేస్తున్నారు. దాని కోసం ప్రభుత్వమే వేసిన లెక్కలో 1079 నివాసాలు, 344 వ్యాపారాలు, అయిదు ప్రార్థనాలయాలు, రెండు బడులు పోతాయని రాసి ఉన్నది. పోయే ఇళ్లలో కొన్ని ఇండిపెండెన్స్ హైట్స్ అనే పేటవి. నీగ్రో జాతివారని ఒకప్పుడు పిలిచిన నల్లజాతివారు తమకు తాముగా కట్టుకుని, 1915లో తమ మునిసిపాలిటీగా చేసుకున్న ఊరది. టెక్సాస్‌లో అలాంటివాటిలో మొదటిది. 2021 మార్చిలో జిల్లావారు దావా వేశారు, కేంద్ర ప్రభుత్వం పని ఆపమన్నది. రెండేళ్ల తరవాత, 2023 మార్చిలో, కొన్ని షరతుల మీద ఒప్పందం కుదిరి ఆటంకం తొలగింది. అక్కడికి వెళ్లి చూద్దామంటే మా అమ్మాయి, “నాన్నా, శెలవుల్లో కూడా నీకు కూలగొట్టే ఇళ్లేనా!” అన్నది. వెళ్లలేదు.

ఇంతకూ కేటీ ఫ్రీవే వెడల్పయ్యాక ఏమయింది? మొదట మూడు నాలుగేళ్లు బ్రహ్మాండంగా ఉన్నదని అందరూ ఒప్పుకుంటారు. అల్లుడుగారి ఆఫీసు పాతకాపు ఆ రోజులను మనవాళ్లు ధవళేశ్వరం కొత్త కాలువల రోజులను తలచుకున్నట్టు తలచుకుంటాడు. ఆ తరవాత మళ్లీ మొదలయింది. 2011కూ 2014కూ మధ్య పొద్దున ఊళ్లోకి వెళ్లే ప్రయాణపు వేళ నూటికి 30 వంతులూ, సాయంత్రం తిరిగి వచ్చే వేళ నూటికి 55 వంతులూ పెరిగినట్టు, రోడ్డు మీద యంత్రాలు కొలిచిన లెక్కలనుంచే తేల్చారు. ఇరవయ్యారు వరుసలూ ఉన్నాయి, అందులోనే పెరిగింది.

ఇది ఎలా జరిగిందో ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే చెప్పి పెట్టాడు. ఆయన మాట నా మాటల్లో చెబుతాను. రోడ్డు ఇరుకుగా ఉన్నంతకాలం జనం దాన్ని తప్పించుకుని బతుకుతారు. ఒకడు అయిదు గంటలకే లేచి బయలుదేరతాడు. ఇంకొకడు సందుల్లోంచి వేరే దారిన పోతాడు. మూడోవాడు ఈ గొడవ పడలేక బస్సెక్కుతాడు. రోడ్డు వెడల్పయిందని తెలియగానే ఏడు గంటలకే బయలుదేరవచ్చు గదా అని మొదటివాడు, పెద్దరోడ్డే దగ్గర గదా అని రెండోవాడు, కారుండగా బస్సెందుకని మూడోవాడు, ముగ్గురూ ఒకే వేళకు ఒకే రోడ్డు ఎక్కుతారు. పంట కాలవ వెడల్పు చేస్తే చివరి పొలానికి నీరు అందుతుందనుకుంటాము. మధ్యలో ఉన్నవాళ్లు జొన్న మాని వరి వేస్తారని లెక్కలో వేసుకోము. మా కాలవల కింద నేనిది కళ్లారా చూసినదే గనుక డౌన్స్ గారి మాట నాకు వెంటనే తలకెక్కింది.

ఈ ముగ్గురూ కాక నాలుగోవాడు ఒకడున్నాడు. ఇంకా ఊళ్లోకి రానివాడు. రోడ్డు బాగుందని తెలిసి నలభై మైళ్ల దూరాన ఇల్లు కొనుక్కునేవాడు. రోడ్డు తెరిచిన తరవాత కేటీ చుట్టుపక్కల ఇళ్లు పెరిగిన తీరు చూడాలి. 2013 చివర గ్రాండ్ పార్క్‌వే అనే ఇంకొక వలయపు రోడ్డులో ఈ పక్క ముక్క తెరిచారు. దాని వెంట మళ్లీ ఇళ్లు. కేటీ బళ్ల పిల్లల సంఖ్య ఇప్పుడు 90 వేలు దాటింది. అందులో మన పిల్లలూ ఎందరో. సాయంత్రం పార్కులో తెలుగు వినపడని బల్ల ఉండదు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాలన్నింటి లెక్కలు తీసి చూస్తే, పెద్దరోడ్లు ఎంత పెంచితే వాటిమీద తిరిగే బళ్ల దూరం కూడా సరిగ్గా అంత పెరుగుతున్నదని తేలింది. మన హైదరాబాదులో 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పక్కన లేచిన మేడలు చూసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇందులో రెండోవైపు కూడా ఉన్నది. 2000లో 47 లక్షలున్న హ్యూస్టన్, దాని పరిసరాల జనాభా 2020కి 71 లక్షలయింది. ఆ 24 లక్షలమందీ ఎక్కడో ఉండాలి గదా! రోడ్డు మళ్లీ నిండిందంటే అది ఊరికే నిండలేదు. మునుపటికంటే ఎక్కువమంది మనుషులను మోస్తున్నది. రోడ్డు వల్ల ఉద్యోగమూ, పెరడున్న ఇల్లూ, మంచి బడీ ఒకే బతుకులో దొరికినవారు వేలమంది. రోడ్డు వెడల్పు వృథా అని అనేవారితో నేను ఏకీభవించను. వేగం పెరుగుతుందని చెప్పి చేయించారే, అక్కడే నాకు పేచీ. సత్రంలో గదులు పెంచితే ఎక్కువమంది బస చేస్తారు. గది ఖాళీగా దొరుకుతుందని హామీ ఇవ్వకూడదు.

ఇక వరుసలు ఎన్ని ఉన్నా పనికిరాని రోజులూ వస్తాయి. 2005 సెప్టెంబరులో రీటా తుపాను వస్తున్నదనగానే, నెల ముందే కత్రినా న్యూ ఆర్లియన్స్‌ను ముంచడం చూసి ఉన్న జనం, 25 లక్షలకు పైగా, ఒక్కసారి ఊరు విడిచారు. ఊళ్లోకి వచ్చే వరుసలు కూడా తిప్పి బయటికే నడిపారు. అయినా రోడ్లమీద గంటలు గంటలు, కొందరు ఇరవై గంటలకు పైగా, ఎండలో నిలిచిపోయారు. ఆ ప్రయాణంలోనే వందకు పైగా చనిపోయారు. తుపాను తీరా పక్కకు తిరిగింది.

2017 ఆగస్టులో హార్వే వచ్చినప్పుడు జరిగింది వేరు. కేటీ రోడ్డుకు ఉత్తరాన ఆడిక్స్, దక్షిణాన బార్కర్ అని రెండు జలాశయాలున్నాయి. జలాశయమంటే మన నాగార్జునసాగరం ఊహించుకోకండి. మట్టికట్ట వేసి వదిలిన మైదానం. మామూలు రోజుల్లో నీరే ఉండదు, లోపల పార్కులూ, పిల్లల ఆటస్థలాలూ. 1935 వరదలో నగరం మునిగిన తరవాత, 1940లలో సైన్యపు ఇంజనీర్లు కట్టారు. కట్ట లోపల నీరు నిండుగా నిలిస్తే ఎంతదూరం పాకుతుందో అంత భూమీ ప్రభుత్వం కొనలేదు. ఆ మిగిలిన అంచు పొలాల్లో దశాబ్దాల తరవాత ఇళ్లు లేచాయి. హార్వే వానకు నీరు వెనక్కు పాకి ఆ ఇళ్లలోకి వచ్చింది. కట్టకు ప్రమాదమని గేట్లు తెరిస్తే దిగువనున్న ఇళ్లు మునిగాయి. ఎగువవారి నష్టానికి ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు కొనేటప్పుడు తాము జలాశయంలో ఇల్లు కొంటున్నామని ఎందరికో తెలియనే తెలియదు.

ఈ సంగతులన్నీ నేను ఇంత శ్రద్ధగా తెలుసుకోవడానికి కారణం ఉన్నది. మేము వెళ్లిన మూడో నెలలో మా అమ్మాయీ అల్లుడుగారూ ఇల్లు కొనాలని తలపెట్టారు. వాళ్లది హైవే 6 దగ్గర అద్దె ఇల్లు. అల్లుడుగారి ఆఫీసు ఊరి నడిబొడ్డున, పద్దెనిమిది మైళ్లు. కొనదలచిన కొత్త ఇల్లు కేటీ కూడా దాటి, నలభై మైళ్ల దూరాన. ఆదివారం మధ్యాహ్నం చూడడానికి వెళ్లాము. నాలుగు పడకగదులు, ఎత్తైన కప్పు, వెనక పెద్ద పెరడు. మా ఆవిడ పెరట్లోకి వెళ్లి కరివేపాకు ఇక్కడ, మల్లె అక్కడ అని చోట్లు కూడా నిర్ణయించేసింది. అదే ధరకు ఊళ్లో దగ్గరగా అయితే రెండు గదులు రావు. ఇల్లు చూపించినాయన ఊరి నడిబొడ్డుకు నలభై నిమిషాలన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చూసుకుంటే అబద్ధం కాదు. నలభై ఒకటి పట్టింది.

“అల్లుడుగారూ, సంతకం చేసేముందు ఒక పని చేద్దామా? రేపు పొద్దున ఏడింటికి ఆ ఇంటి ముందునుంచి మీ ఆఫీసుకు వెళదాం,” అన్నాను.

“రేపు సోమవారం మామయ్యగారూ,” అన్నారాయన.

“అందుకే.”

ఆయన నవ్వి సరేనన్నారు. మర్నాడు చీకటితో లేచి అంతదూరం వెళ్లి, ఆ ఇంటి ముందు కారు తిప్పుకుని సరిగ్గా ఏడింటికి బయలుదేరాము. మొదటి పది మైళ్లు గాలిలో తేలినట్టు వెళ్లాము. తరవాత ముందు కార్ల ఎర్రదీపాలు ఒక్కటొక్కటే వెలిగాయి. సూర్యుడు ఎదురుగా. పక్క కారులో ఒకామె కాఫీ తాగుతున్నది, అటు పక్క కారులో ఒకాయన స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. ఒక్కొక్క కారులో ఒక్కొక్కరే. ఏడు కార్లు లెక్కపెడితే ఎనిమిదిమంది మనుషులు. ఆ ఎనిమిదో మనిషిని నేనే. ఆఫీసు చేరేసరికి ఎనిమిది దాటి ముప్పై రెండు నిమిషాలు.

అల్లుడుగారు కాసేపు మాట్లాడలేదు. “సాయంత్రం ఇంకా ఎక్కువ పడుతుంది,” అన్నారు చివరికి. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయే కాగితం తెచ్చి లెక్కవేసింది. రోజుకు మూడు గంటలు, నెలకు ఇరవై రెండు రోజులు, అంటే అరవై ఆరు గంటలు. “అంటే నెలలో దాదాపు మూడు రోజులు, పగలూ రాత్రీ కలిపి, కారులోనే,” అన్నది. మనవరాలు పెరట్లో ఉయ్యాల వేస్తారా లేదా అని అడుగుతున్నది. దానికెవరూ జవాబు చెప్పలేదు.

టోల్ వరుసల సంగతి ఇక్కడ చెప్పాలి. 2009లో తెరిచిన ఆ నడిమి వరుసలు హైవే 6 నుంచి లూప్ 610 దాకా పన్నెండు మైళ్లు ఉన్నాయి. రద్దీ వేళల్లో ఇద్దరూ అంతకంటే ఎక్కువమందీ ఉన్న కారుకు ఉచితం, ఒంటరి మనిషికి డబ్బు. వేళను బట్టి రేటు మారుతుంది. రద్దీ పెరిగితే రేటు పెరుగుతుంది గనుక అవి కదులుతూనే ఉంటాయి. డబ్బున్నవాడికి ఒక రోడ్డు, లేనివాడికి ఒక రోడ్డా అని మొదట నాకు మండింది. తరవాత అందులోనే నడిచే సిటీ బస్సు చూశాక ఆ కోపం సగం తగ్గింది.

ఆ బస్సులు ఎలా నడుస్తాయంటే: ఊరి బయట పెద్ద స్థలం ఉంటుంది. కారు అక్కడ ఉచితంగా వదిలి బస్సెక్కాలి. మెత్తని సీట్లు, నిలబడే గొడవ ఉండదు. ఆడిక్స్ దగ్గరి స్థలంనుంచి బస్సు పైవంతెన మీదుగా నేరుగా ఆ నడిమి వరుసల్లోకే దిగిపోతుంది. అల్లుడుగారు ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లో ఉంటూ ఒక్కసారీ ఎక్కలేదట. “మన ఆఫీసులో ఎవరూ ఎక్కరు,” అన్నది ఆయన కారణం. ఒకరోజు నేనూ ఆయనా కలిసి ఎక్కాము. ఎడమపక్కనా కుడిపక్కనా ఆగిపోయిన కార్లను దాటుకుంటూ బస్సు పోతుంటే, చిన్నప్పుడు కాలవలో తెరచాప పడవ మీద కూర్చుని గట్టున నడిచేవాళ్లను చూసిన సంబరం కలిగింది. అరగంట దాటి కొద్ది నిమిషాల్లో దింపాడు. ఆయన దారిలో ఆఫీసు ఉత్తరాలు చదువుకుని, చివరి పది నిమిషాలు కునుకు కూడా తీశారు. ఒక్క చిక్కు ఉన్నది. సాయంత్రం పొద్దుపోయాక బస్సులు పలచబడతాయి. ఆఫీసులో ఆలస్యమయ్యే ఉద్యోగానికి అది బెంగే.

బస్సు దగ్గరగా ఉండాలంటే ఇల్లు ఆడిక్స్ చుట్టుపక్కల ఉండాలి. ఆడిక్స్ అంటే జలాశయం. దూరంగా కొంటే రోడ్డు మింగుతుంది, దగ్గరగా కొంటే నీరు మింగుతుంది. ఆ తరవాత మూడు వారాలు మేము చూసిన ప్రతి ఇంట్లోనూ నా మొదటి ప్రశ్న ఒక్కటే: “2017లో నీళ్లు ఎంతదాకా వచ్చాయి?” గోడకు కొత్త ప్లాస్టరు అడుగునుంచి నాలుగడుగులదాకానే ఉన్నదంటే చెప్పనక్కరలేదు. వరద పటం తీసి ఇంటి నంబరు చూడడం అల్లుడుగారి పని, ఇరుగుపొరుగు ముసలివాళ్లతో కబుర్లు వేసి నిజం రాబట్టడం నా పని. పటం బాగానే ఉన్నదన్న ఒక ఇంట్లోకి పడవ వచ్చిందని ఎదురింటి పెద్దాయన చెప్పాడు.

మేము విమానం ఎక్కడానికి పది రోజుల ముందు ఒక ఇల్లు కుదిరింది. 1978లో కట్టినది, మూడే గదులు, కప్పు ఎత్తు తక్కువ. హార్వేలో వీధి చివరిదాకా వచ్చిన నీరు గడప ఎక్కలేదు. ముగ్గురిని విడివిడిగా అడిగి రూఢి చేసుకున్నాము. బస్సు దగ్గరికి కారులో తొమ్మిది నిమిషాలు. పెరడు మాత్రం నాలుగు కుర్చీలు వేస్తే నిండిపోయేంత. ఉయ్యాల పట్టదు, వీధి చివర పార్కులో ఉన్నదని మనవరాలికి చూపించాము; ముఖం ముడుచుకున్నది, ఊగిన తరవాత విప్పింది. మా ఆవిడ కరివేపాకు మొక్కను కుండీలో పెట్టి, చలి వచ్చినప్పుడు ఇంట్లోకి లాక్కోమని అమ్మాయికి రెండుసార్లు చెప్పింది.